పీఠం కింద పొట్లం

తెల్లారినప్పటి నుంచి తిరుమల్ కొడుకును తిడదామని చూస్తున్నాడు. కుదరడం లేదు.

తిట్టాలంటే ముందు పిలవాలి. మెడలో అయ్యప్ప మాల ఉన్నవాణ్ణి "ఒరేయ్" అనకూడదు. పోనీ "స్వామీ" అని పిలుద్దామంటే, ఆ మాట తర్వాత నోటికి తిట్టు రాదు. అందుకని ఆయన కొడుకును వదిలేసి చెప్పుల స్టాండును, వాటర్ ఫిల్టర్‌ను తిట్టి, చివరికి గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడ్డాడు.

"దేవుని పీఠం కింద గంజాయి పొట్లం! ఏడన్న ఉంటదా గీ ముచ్చట? కాలనీ గేటుకు నా ఫోటో ఉన్నది. గంజాయి రహిత కాలనీ అని రాయించి, చేతులు జోడించి నవ్వుకుంట నిలబడ్డ. ఆ ఫ్లెక్సీ కింది నుంచి బస్ డిపోకు డ్యూటీకి ఎట్ల పోవాలె నేను?"

క్యాలెండర్ ఏం చెబుతుంది?

వంటింట్లో కల్పలత పొయ్యి మీది నుంచి చూపు ఎత్తలేదు. నిన్న సాయంత్రం ఇదే ఇంట్లో కాలనీ సగం కూర్చుని పడిపూజ చూసింది. హారతి కళ్లకద్దుకోవడానికి ముందుకొచ్చిన జోగారావు, పీఠం మీంచి వేలాడే గుడ్డను తెలియక తొక్కాడు. గుడ్డ జారింది. దాని వెంబడే ఆ పొట్లం ఆయన పాదాల ముందుకు వచ్చి పడింది. అప్పటిదాకా మోగిన శరణుఘోష ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఆమె చెవులను ఇంకా వదల్లేదు.

జోగారావు కాలనీ సంఘానికి అధ్యక్షుడు, తిరుమల్ సెక్రటరీ. ఈ ఉదయం పదకొండింటికి అత్యవసర సమావేశమని గ్రూపులో మెసేజ్ పెట్టాల్సిన బాధ్యత సెక్రటరీదే. సొంత కొడుకు మీద పెట్టిన మీటింగుకు అందరినీ "తప్పక రాగలరు" అని పిలిచి, ఫోన్ పక్కన పడేశాడాయన.

"కోడలా, సామికి భిక్ష చేస్తున్నవా లేదా?" హాల్లోంచి అత్తగారు శ్యామలమ్మ గొంతు వినిపించింది.

"చేస్తున్న అత్తమ్మా."

"ఏం చేసుడు లేదు!" తిరుమల్ గయ్‌మన్నాడు. "ఇంక సామేంది, భిక్షేంది? తీసెయ్యమను ఆ మాల."

"నువ్వేసినవా నువ్వు తీస్తానికి?" అంది శ్యామలమ్మ. అంతే, ఆయన మళ్లీ క్యాలెండర్ వైపు తిరిగాడు.

కల్పలత కొంగుతో చేతులు తుడుచుకుని పూజగదిలోకి వెళ్లింది. దయాకర్ నల్లలుంగీతో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇరవై మూడేళ్ల పిల్లవాడి కళ్ల కింద చారలు. ఆమె కూడా కింద కూర్చుంది.

"ఒక్కటి చెప్పుండ్రి స్వామీ. అక్కడెందుకు పెట్టిన్రు?"

"మాల వేసుకునే ముందురోజు కొన్నది మాతా. ముట్టలే. మూతి సుత విప్పలే." మాలలో ఉన్నప్పటి నుంచి తల్లిని కూడా మాతా అనే పిలుస్తున్నాడు.

"మరి పారేస్తే అయిపోవు గద."

"పారేస్తే ఏమున్నది? కావాల్నంటే మల్ల దొరుకుతది. ఎదురుంగ ఉన్నా ముట్టకపోతెనే గెలిచినట్టనుకున్న. దాని ముంగటనే కూసోని రోజు పూజ చేసిన."

కల్పలతకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "అంటే అయ్యప్పను దానికి కావలి పెట్టినవా, కొడకా?" స్వామి అనడం మరిచిపోయింది.



ఆ పొద్దున వాళ్ల గడప ఎవరూ తొక్కలేదు. పడిపూజ ప్రసాదానికి డబ్బాలు పంపుతామన్న ఇళ్లవాళ్లు పంపలేదు. పులిహోర గిన్నె మూత పెట్టినట్టే ఉంది. పక్కింటావిడ బాల్కనీలో కనిపించి, చూడనట్టు బట్టలు దులిపి లోపలికి పోయింది. తొమ్మిది దాటాక మాత్రం గేటు చప్పుడైంది. ప్రిసిల్లా వచ్చింది.

ప్రిసిల్లా వెనక వీధిలో ఉంటుంది. నర్సు. తాగుడు, గంజాయి మాన్పించే వార్డులో పని. డ్యూటీ దిగి, ఆ బట్టలతోనే వచ్చింది. తిరుమల్ ఆమెను చూసి ఏదో అనబోయి, బాల్కనీలోకి వెళ్లిపోయాడు. ఆమె నేరుగా వంటింట్లోకి వచ్చి, స్టూలు లాగింది.

"ముందు కూసో అక్కా."

"భిక్ష కావాలె ప్రిసిల్లా, పొయ్యి మీద..."

"పొయ్యి ఆపు. కూసో." తనే గ్లాసు తీసి, కుండలో నీళ్లు ముంచి కల్పలత చేతికిచ్చింది. "నీళ్లు తాగు. తర్వాత చెప్త."

కల్పలత తాగింది. నిన్నటి నుంచి గొంతులో చుక్క నీరు పోయలేదన్న సంగతి ఆ గుటకతోనే తెలిసింది.

"నువ్వు తల్లివి గాబట్టి నీకే చెప్తున్న. మాల వేసుకున్నప్పటి నుంచి సామి సరిగ నిద్రపోతున్నడా?"

"యాడ నిద్ర? అర్ధరాత్రిదాంక కూసొనే ఉంటడు. ఎంత భక్తి అని అత్తమ్మ మురిసిపోతది."

"తింటున్నడా?"

"రెండు ముద్దలు. మాలల ఉన్నడు గద, నిష్ఠ అనుకున్నం."

"చెమటలు? చిరాకు?"

కల్పలత గ్లాసు కింద పెట్టింది. ఇన్నాళ్లూ చుట్టాలందరికీ ఫోన్ చేసి మరీ చెప్పుకుంది, తన కొడుకు ఎంత కఠినంగా దీక్ష చేస్తున్నాడో.

"ఒక్కడే మానుతున్నడక్కా. మందుబిళ్ల లేదు, మాట్లాడేటోళ్లు లేరు. పండ్లు బిగబట్టి మానుతున్నడు. మీరేమో దాన్ని భక్తి అనుకున్నరు." ప్రిసిల్లా ఆమె చెయ్యి పట్టుకుంది. "తిట్టుకోకు. తెల్వక అనుకున్నరు. రేపు పొద్దున్నే తోల్కరా. డాక్టర్‌తోని మాట్లాడిన. గానీ ఇయ్యాల మీటింగుల పోలీసుల మాట ఎత్తుతరు. కేసంటూ అయితే ముందు స్టేషన్, కోర్టు. ఆ తిరుగుడుల పోరడు మల్ల దాని దగ్గరికే పోతడు. చూసినక్కా శానమందిని."

"కాలనీ అంతట్ల నువ్వొక్కదానివే వచ్చినవు ప్రిసిల్లా." కల్పలత ఆ చేతిని కళ్లకద్దుకుంది.

"ఏ, ఏందక్కా ఇది! పులిహోర పెట్టు. ఆకలైతుంది."

మూత పెట్టి ఉన్న గిన్నెలోంచి మొదటి ముద్ద ఆమెకే పెట్టింది కల్పలత.

కమ్యూనిటీ హాల్లో కుర్చీలు చాల్లేదు. ఎప్పుడూ కోరం లేక వాయిదా పడే సంఘం, ఇవాళ గుమ్మం దాకా నిండిపోయింది. జోగారావు కొడుకు సత్యదేవ్ మైకు సరిచేస్తున్నాడు. లా చివరి సంవత్సరం చదువుతున్నాడు. దయాకర్‌కు చిన్నప్పటి నుంచి జతగాడు. దయాకర్ హాలు చివర చాప మీద కూర్చున్నాడు. తిరుమల్ సెక్రటరీ కుర్చీలో కూర్చుని బల్ల మీది గీతలు చూస్తున్నాడు. నిన్న పొట్లం పడినప్పటి నుంచి కొడుకును ఆయన ఒక్కసారీ పిలవలేదు.

మొదట లేచింది ఉదయ్ భాస్కర్. సైన్యంలో చేసి రిటైరైన మనిషి. కాలనీలో చెత్తబుట్ట అంగుళం పక్కకు జరిగినా ఊరుకోడు.

"గేటు మీద ఏం రాసుకున్నాం? వాడినా అమ్మినా పోలీసులకు సమాచారం ఇస్తామని. రాసినవాళ్ల ఇంట్లోనే దొరికితే రూల్ మారుతుందా?"

"మారొద్దు," అన్నారు చాలామంది. "మా పిల్లలు సుత ఈ గల్లీలనే ఆడుకుంటరు," అందొక తల్లి. ఆమె భయంలో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు కల్పలతకు. నిన్నటిదాకా తనూ అదే అనేది.

"కాకపోతే ముందు మాల తీయించాలి," అన్నాడు ఉదయ్ భాస్కర్. "మాలలో ఉన్నవాణ్ణి జీపెక్కిస్తే ఆ పాపం మనకే చుట్టుకుంటుంది."

అందరూ గురుస్వామి సుబ్బరాజు వైపు తిరిగారు. మాల వేసింది ఆయనే. తీయాల్సిందీ ఆయనే. నెరిసిన గడ్డం సవరించుకుంటూ ఆయన కూర్చున్నచోటి నుంచే చెప్పాడు.

"తియ్యనండీ."

హాల్లో గుసగుసలు లేచాయి.

"వెయ్యకముందే కుర్రాడు నాతో చెప్పేశాడండీ. గురుస్వామీ, ఇలా అలవాటుంది, మానేద్దామనుంది అన్నాడు. మందు మానతామన్న వాళ్లకి వేశాను. పేకాట మానతామన్న వాళ్లకి వేశాను. వాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పమంటారా?"

ఎవరూ చెప్పమనలేదు. వెనక వరుసలో ఒకాయన పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను శ్రద్ధగా చూడసాగాడు.

"మందు వేరు గురువుగారూ," అన్నాడు జోగారావు ఇబ్బందిగా. "దానికి ప్రభుత్వం లైసెన్సిచ్చింది. ఇది నేరం కదండీ."

"నాన్నా, నేనొక మాట చెప్పొచ్చా?"

ఆ గొంతు మైకు దగ్గరున్న సత్యదేవ్‌ది. తండ్రి అవుననే లోపే మొదలుపెట్టాడు.

"నేరమని రాసుకుంది మనుషులే నాన్నా. కొన్ని దేశాల్లో ఇది తాగేవాణ్ణి జైలుకి పంపడం మానేశారు. మన దగ్గరా ఆ చర్చ నడుస్తోంది. అమ్మేవాణ్ణి వదిలెయ్యమని నేననను. అలవాటు పడినవాడు మాత్రం రోగి. ఇప్పుడున్న చట్టంలోనే, తనంతట తాను చికిత్సకి వెళ్లేవాడికి ఒక దారుంది. అది మనమే మూసేద్దామా?"

"నువ్వు ఇవాళ నేరం కాదంటావ్, రేపు పాన్‌డబ్బాలో అమ్మమంటావ్," ఉదయ్ భాస్కర్ గొంతు పెంచాడు. "అప్పుడు ఈ పిల్లలకేం చెప్తావ్?"

"ఇప్పుడు మాత్రం దొరకడం లేదా అంకుల్? భయపెడితే అమ్మకాలు ఆగలేదు. ఇంట్లో చెప్పుకోవడం ఆగిపోయింది. జైలంటే భయం, పరువంటే భయం. ఇంత భయంలో వాడు ఎవరితో చెప్పుకుంటాడు? తండ్రితో చెప్పుకోగలడా?"

చివరి మాట దగ్గర అతని గొంతు జీరపోయింది. కల్పలత గుండె కరిగిపోయింది. తోడబుట్టినవాడు కూడా ఇంత మాట్లాడడు అనుకుంది.

అప్పుడు ముందు వరుసలో చేతికర్ర చప్పుడైంది. శ్యామలమ్మ లేచి నిలబడింది.

"నేను చెప్త, జెర వినుండ్రి. నా చిన్నప్పుడు బన్సీలాల్‌పేట్ల మా ఇంటి దగ్గర గంజాయి దుకాణం ఉండె. సర్కారు లైసెన్సు దుకాణమే. అప్పుడది నేరం కాదు. మా పెద్దన్న గది తాగి తాగి పని ఇడిశిపెట్టిండు. పొద్దంత మెట్లబావి గట్టు మీద కూసునేటోడు. మంచిదని నేనంటలే. మనిషి దేనికి పనికిరాకుంట అయిండు."

ఆమె కర్రను రెండో చేతికి మార్చుకుంది.

"గానీ మా అమ్మ రోజు పోయి, చెయ్యి పట్టి ఇంటికి తోల్కొచ్చేది. కడిగి, బువ్వ పెట్టేది. నీ కొడుకును పట్టిస్తమని ఒక్కలు సుత అనలే. మా అన్న ఇంట్లనే పోయిండు, అమ్మ ఒళ్లె. అప్పుడు గీ రోగానికి దవాఖాన ఉన్నదని మాకు తెల్వది. నా మనుమనికి ఉన్నది. దవాఖానకు పోయే తొవ్వల అడ్డం నిలబడకుండ్రి. గంతే నేనడిగేది."

"ఆ పొట్లం ఏదమ్మా?" ఉదయ్ భాస్కర్ గొంతు కొంచెం తగ్గింది. "అది సాక్ష్యం."

"నిన్ననే మోరీల పోసిన. కావాల్నంటే పోయి ఏరుకో బిడ్డా."

ముందు ఎవరో ఆడమనిషి నవ్వింది. తర్వాత హాలంతా నవ్వింది. ఆ నవ్వుతో నిన్నటి నుంచి బిగుసుకున్నదేదో కొంచెం సడలింది.

"సెక్రటరీగారూ," అన్నాడు జోగారావు. "మీరేమంటారు?"

తిరుమల్ లేచాడు. మైకు దగ్గరికి పోలేదు. కుర్చీల మధ్య నుంచి కొడుకు కూర్చున్న చాప దగ్గరికి నడిచాడు. కొడతాడేమోనని కల్పలత సగం లేచింది. ఆయన వంగి, కొడుకు పాదాలు తాకాడు.

"స్వామీ," అన్నాడు. మళ్లీ అన్నాడు. "స్వామీ, లేవుండ్రి. రేపొద్దుగాల దవాఖానకు పోదం. నేను లీవ్ పెడ్త." తర్వాత హాలు వైపు తిరిగాడు. "గేటు కాడ నా ఫోటో ఉంచుతరో, తీస్తరో మీ ఇష్టం."

జోగారావు కళ్లద్దాలు తీసి తుడిచాడు. 

"మావాడు చెబుతుంటే ఆలోచించానండీ. ఇదే మా ఇంట్లో జరిగితే నేనేం చేసేవాణ్ణి? ఆ పిల్లాణ్ణి ఎవరి చేతుల్లో పెట్టేవాణ్ణి?" ఆగి, తన చెయ్యి తనే ఎత్తాడు. "ఆస్పత్రికే పంపుదాం. నాతో ఉన్నవాళ్లు చేతులెత్తండి."

చేతులు ఒకేసారి లేవలేదు. ప్రిసిల్లాది లేచింది. పిల్లలు గల్లీలో ఆడుకుంటారన్న తల్లిది లేచింది. ఫ్యాన్ చూస్తున్నాయనది లేచింది. తర్వాత కల్పలతకు కళ్లు మసకబారి కనిపించలేదు. ఉదయ్ భాస్కర్ మాత్రం చేతులు కట్టుకునే ఉన్నాడు.

"నేను ఒప్పుకోను," అన్నాడు. వెళ్తూ వెళ్తూ తిరుమల్ దగ్గర ఆగాడు. "కానీ ఫోన్ చెయ్యను."

ఆ మాటకు కూడా కల్పలత చేతులు జోడించింది. ఆ పూట ఆమెకు అందరూ దేవుళ్లలాగే కనిపించారు. పొద్దున తనను చూడనట్టు బట్టలు దులుపుకున్న పక్కింటావిడ మీద కూడా కోపం రాలేదు. ఆవిడ గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని, "ప్రసాదానికి డబ్బా పంపిస్త వదినా," అంది. అది చాలు. కొడుకు తనతోనే ఇంటికొస్తున్నాడు. రేపు రోగిగా ఆస్పత్రికి వెళ్తాడు తప్ప దొంగలా స్టేషన్‌కు వెళ్లడు. ఒక తల్లికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంటికొచ్చి, ఆకు వేసి భిక్ష వడ్డించింది. తిరుమల్ తనే నీళ్లు తెచ్చి కొడుకు ముందు పెట్టి, లీవ్ అడగడానికి ఫోన్ పట్టుకుని మేడ మీదికి వెళ్లాడు. దయాకర్ అన్నం కలిపాడు గాని నోట్లో పెట్టుకోలేదు.

"తినుండ్రి స్వామీ. ఇంకెందుకు దిగులు? ఆ సత్యదేవ్ ఎంత మంచిగ మాట్లాడిండు! వాని రుణం ఈ జన్మల తీరదు మనకు."

"అమ్మా."

మాతా అనలేదు. కల్పలత చేతిలో గరిటె ఆగింది.

"వాడు నా గురించి మాట్లాడలే అమ్మా."

"మరి?"

"వాని గురించే చెప్పుకున్నడు. ఇద్దరం కలిసి మాల వేసుకుందమనుకున్నం. పొట్లాలు సుత ఇద్దరం కలిసే కొన్నం, ఇదే ఆఖరుదని. మాల వేసుకునే రోజు పొద్దుగాల గుడి కాడ శానసేపు నిలబడ్డ. వాడు రాలే." దయాకర్ కళ్ల నీళ్లు ఆకులో పడుతున్నాయి. "ఇప్పుడు నాకన్న ఎక్కువైంది వానికి. కాలేజీకి పోతలేడు. ఎవ్వరికి చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నడు. మాలల ఉండి ఒట్టు తప్పుతున్న. గానీ భయమైతుందమ్మా."

గేటు చప్పుడైంది.

జోగారావు. చేతిలో స్టీలు డబ్బా. ముఖం పెళ్లింట్లో పెద్దమనిషి ముఖంలా వెలిగిపోతోంది.

"చెల్లెమ్మా, మీ వదిన పరమాన్నం పంపింది, స్వామికి. మావాడి మాటలు విన్నావా? లాయరంటే అలా ఉండాలి! నాతోనే వాదించాడు చూశావా, అందరి ముందూ?" గట్టిగా నవ్వాడు. "నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్లలో వాణ్ణి ఒక్కసారీ మెచ్చుకోలేదమ్మా. తండ్రితో చెప్పుకోగలడా అన్నాడే, అది నాకిక్కడ తగిలింది. ఇవాళ భుజం తట్టి, నాతో చెప్పుకోరా ఏదున్నా అందామని వెతుకుతుంటే కనబడ్డు. ఫోన్ తియ్యడు. మీ వాడితో ఉన్నాడేమోనని వచ్చా."

కల్పలత ఆ ముఖంలోకి చూసింది. తన కొడుకు కోసం హాల్లో మొదట లేచిన చెయ్యి ఈయనదే. డబ్బా తీసుకుని, ఇక్కడికి రాలేదన్నా అంటే చాలు. ఇంత సంతోషంతోనే వెనక్కి వెళ్లిపోతాడు. ఇవాళ్టికి హాయిగా నిద్రపోతాడు.

ప్రిసిల్లా కూడా పొద్దున అలాగే అనుకుని, తనకేమీ చెప్పకుండా ఊరుకుని ఉంటే?

"లోపలికి రాండ్రి అన్నా," అంది.

"లేదమ్మా, వాడికోసం..."

"రాండ్రి. ముందు కూసోండ్రి."

ఆమె వంటింట్లోకి వెళ్లింది. గ్లాసు తీసి, కుండలో ముంచింది. తెచ్చి ఆయన చేతికిచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నీళ్లు తాగుండ్రి అన్నా. తర్వాత చెప్త."

జోగారావు ఆమెను చూశాడు. పూజగది గుమ్మంలో కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డ దయాకర్‌ను చూశాడు. ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్లి, ఆపేశాడు.